కుట్లు విప్పిన తరువాత

శస్త్రచికిత్స తరువాత కోలుకునే క్రమంలో తలెత్తే అవాంతరం, అంటే వైద్యులు కాంప్లికేషన్ అని పిలిచేది, ఎంత తీవ్రమైనదో తేల్చడానికి ప్రపంచమంతటా సర్జన్లు వాడే కొలమానం క్లావియన్-డిండో వర్గీకరణ. 1992లో తొలిరూపం పొంది, 2004లో సవరణకు లోనైన ఈ పద్ధతి అవాంతరాన్ని దానికి అవసరమైన చికిత్సను బట్టి కొలుస్తుంది: యాంటీబయాటిక్ వంటి మందులతో సరిపోతే రెండవ తరగతి, మళ్ళీ ఆపరేషన్ గానీ అటువంటి మరో ప్రక్రియ గానీ కావలసివస్తే మూడవది, ఐసీయూలో ఉంచవలసిన ప్రాణాపాయమైతే నాలుగవది, మరణం ఐదవది. చీము పట్టిన కుట్లను మంచం దగ్గరే విప్పి, కడిగి, కట్టు కట్టడం మాత్రం మొదటి తరగతిలోకి, అంటే అన్నిటికంటే తేలికైనదానిలోకి వస్తుంది. అదే అవాంతరం మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలో మిర్చి ఏరడానికి కూలికి పోయే స్త్రీకి ఏ తరగతి అవుతుందన్నది నేడు వైద్య పట్టాలు అందుకుంటున్నవారి పాఠ్యపుస్తకాల్లో లేని ప్రశ్న.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ జనవరిలో చేయించుకున్న స్త్రీకి కుట్లు చీము పట్టి విడిపోతే, ఆ పుండు లోపలినుంచి పూడుకుంటూ రావడానికి వారాలు పడుతుంది; ఆ వారాలే మిర్చి ఏరే కాలం, ఏడాది మొత్తంలో చేతికి నాలుగు డబ్బులు వచ్చే కాలం. కట్టు మార్పించుకోవడానికి తండా నుంచి ఆటోలో రావాలి, తోడు వచ్చినవారి కూలి కూడా పోతుంది. ఇంతకు మించినది పత్యం. పప్పు తింటే చీము పడుతుందన్న నమ్మకం తెలుగు పల్లెల్లో బలంగా ఉన్నందువల్ల, పుండు మానడానికి కావలసిన మాంసకృత్తులను చవకగా ఇచ్చే పప్పునే బాలింత చేతా, ఆపరేషనైన మనిషి చేతా మాన్పిస్తారు, అయినా చీము పడితే ఇంట్లో అడిగే మొదటి మాట “ఏం తిన్నవ్?” అన్నదే. తప్పు తన నోటిదే అనుకున్న మనిషి ఆసుపత్రికి ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యాన్ని సర్జన్ ఆమె నిర్లక్ష్యంగా చదువుతాడు, కేసు షీటులో అలాగే రాస్తాడు కూడా.

రోగి చెప్పే కారణం ప్రతిసారీ నిజం కానక్కరలేదు. సిజేరియన్‌కు ముందు వెన్నులో ఇచ్చే మత్తు సూది వల్లనే నడుము పోయిందని చెప్పని తల్లి ఉన్న ఊరు అరుదు, కానీ ఆ సూదికీ ఏళ్ళ తరబడి సాగే నడుము నొప్పికీ కార్యకారణ సంబంధాన్ని పరిశోధనలు నిర్ధారించలేదు. అయితే కారణం తప్పయినంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే అయిన తెలంగాణలో, “సూదికి సంబంధం లేదు” అన్న ఒక్క వాక్యంతో ఆ నొప్పిని పంపించివేయడం వైద్యం అనిపించుకోదు. గర్భసంచి తొలగింపు విషయం ఇంకా బరువైనది. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశమంతటా 3.2 శాతం కాగా తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. రక్తస్రావం ఆగింది కాబట్టి సర్జన్ రికార్డులో అది విజయం; అండాశయాలను కూడా తీసివేసినచోట ముందుగానే వచ్చిపడే ముట్లుడగడం, ఎముకల పటుత్వం తగ్గడం మరో డాక్టరు దగ్గర, మరో చీటీ మీద, మరో జబ్బుగా నమోదవుతాయి.

సర్జన్ చూపుకూ రోగి చూపుకూ మధ్య దూరం ప్రాణం మీదికి వచ్చిన సందర్భం ఇబ్రహీంపట్నం. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో 34 మందికి ల్యాపరోస్కోపీ పద్ధతిలో, అంటే చిన్న రంధ్రాల గుండా గొట్టం పంపి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయగా నలుగురు స్త్రీలు మరణించారు. ఇంటికి చేరాక కనిపించినవి వాంతులు, విరేచనాల వంటి లక్షణాలు. ఏ ఇంట్లోనైనా తిండి మీదికి నెట్టివేయగలిగిన లక్షణాలు అవి.

చట్టం, పథకం కూడా సర్జన్ క్యాలెండరునే పట్టుకున్నాయి. కుటుంబ నియంత్రణ నష్టపరిహార పథకం మరణాన్ని 30 రోజుల వరకు, అవాంతరాన్ని డిశ్చార్జి నుంచి 60 రోజుల వరకు లెక్కలోకి తీసుకుంటుంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, మత్తులో ఉన్న రోగి అనుమతి లేకుండా గర్భసంచి తీసివేయడాన్ని తప్పుపట్టింది, కానీ ఎంత సమాచారం చెప్పాలన్న దగ్గర దేశంలోని పేదరికాన్ని, చదువు లేమిని కారణంగా చూపి వైద్యుల ఆనవాయితీకే మొగ్గింది. ఈ వాదన తలకిందులైనది: చదువు తక్కువైనచోట వివరణ ఎక్కువ కావాలి. బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో మాంట్‌గోమరీ తీర్పులో, ఆ స్థితిలో ఉన్న రోగికి ఏ ప్రమాదం ముఖ్యమవుతుందో దాన్నే చెప్పాలన్నది. గూడూరులో ఆ ముఖ్యమైన ప్రశ్న చాలాసార్లు ఎన్ని రోజులకు తట్ట ఎత్తవచ్చన్నదే.

క్లావియన్-డిండో పద్ధతిలో అవాంతరపు తరగతి పక్కన ‘డి’ అనే అక్షరం చేర్చే వీలుంది. డిశ్చార్జి నాటికి ఆ అవాంతరపు ఇబ్బంది ఇంకా మిగిలి ఉందని దాని అర్థం. ఆ అక్షరాన్ని డిశ్చార్జి దగ్గర ఆపకుండా, ఆశా కార్యకర్త ఇంటికి వెళ్ళినప్పుడు నింపే కాగితంలో పనికి పోయిన తేదీ కోసం ఒక గడి చేర్చడానికి ఏ విశ్వవిద్యాలయ అనుమతీ అక్కరలేదు; పోస్టింగు వచ్చిన మొదటి నెలలోనే చేయగలిగిన పని అది.