నిలిచిపోయిన పింఛను

బ్రిటనులో ముప్పది, నలుబదేండ్లు పనిచేసి, శేషజీవితమును గుంటూరులోనో వరంగల్లులోనో గడపగోరు తెలుగువారు ముందుగా వీసాను గురించి విచారింతురు. బ్రిటిషు పౌరులైనను ఓ.సి.ఐ. కార్డు ఉన్నచో వీసా అక్కరలేదు, ఎంతకాలమైనను ఉండవచ్చును. సాగుభూమి మాత్రము కొనరాదు.

పన్ను సంగతియు అంత భయపడవలసినది కాదు. చిరకాలము విదేశమందుండి వచ్చినవారికి మొదటి రెండు మూడేండ్లు, అక్కడనే అందుకొనిన ఆదాయముపై ఇక్కడ పన్ను ఉండదు. పిమ్మట పింఛనుపై ఇక్కడ పన్ను చెల్లింపవలెను.

అసలు చిక్కు పింఛనులోనే ఉన్నది. నేషనల్ ఇన్సూరెన్సు చందా కట్టినవారికి వచ్చు స్టేట్ పెన్షన్ ఏటేటా ఏప్రిలులో పెరుగును. భారతదేశములో స్థిరపడినవారికి మాత్రము పెరుగదు. లెక్క చూడుడు: పూర్తి పింఛను వారమునకు 2016లో 155.65 పౌండ్లు, 2025లో 230.25 పౌండ్లు. 2016లో పింఛను పుచ్చుకొని ఇక్కడికి వచ్చినవారికి నేటికిని ఆ 155.65 పౌండ్లే! అమెరికాకో ఫిలిప్పీన్సుకో పోయినవారికి పెరుగుదల కలదు. కెనడా, ఆస్ట్రేలియాలకు పోయినవారికి లేదు. కట్టిన చందా అందరిదియు ఒక్కటే గదా! దక్షిణాఫ్రికాలో స్థిరపడిన ఆనెట్ కార్సన్ ప్రభృతులు ఈ ప్రశ్ననే యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానము నడిగిరి. ఇది వివక్ష కాదని 2010లో తీర్పు వచ్చినది.

ఇందులో ఒక వింత కూడ ఉన్నది. అట్టివారు మనుమలను చూచుటకు బ్రిటను వెళ్లినచో, అక్కడ ఉన్నన్నాళ్లు పెరిగిన పింఛనును కోరవచ్చును. విమానమెక్కి తిరిగి వచ్చిరా, మరల పాత మొత్తమే.