ముట్లుడుగు కాలము: దాని దశలు, అధికారుల విధి



స్త్రీలకు ముట్లు ఒక్కనాట నుడిగిపోవు. సాధారణముగా నలువదేండ్లు దాటిన పిదప కొన్ని సంవత్సరములు మార్పు జరుగును. ముట్టుకును ముట్టుకును గల యెడము మాటిమాటికి 7 దినములో అంతకు మించియో భేదించుట మొదటి దశ. 60 దినములైనను ముట్టు రాకుండుట రెండవది. వరుసగా 12 మాసములు రానిచో ముట్లుడిగినట్లు నిర్ణయింపవలెను. అంతవరకు గర్భము నిలుచుటకు అవకాశము కలదు. ఒడలి ఆవిరులు, రాత్రి చెమటలు, నిద్రలేమి, చిరాకు ఈ కాలమున సామాన్యములు. నూలు వస్త్రములు, నడక, రాగులు, పాలు మేలుచేయును; బాధ మిక్కుటమైనచో మందులు కలవు.

ఇది వ్యాధి కాదు. గర్భసంచి తీసివేయుట దీనికి చికిత్స కాదు. అయినను 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2 కాగా, తెలంగాణమున 7.7, ఆంధ్రప్రదేశమున 8.9. అండాశయములను గూడ తీసినచో ఈ బాధలు హఠాత్తుగా తీవ్రమై, ఎముకలు క్షీణించును. అనవసరపు శస్త్రచికిత్సల నరికట్టవలసినదిగా 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రముల నాదేశించినది.

ఢిల్లీ ఆర్.కె. పురమందలి ఉద్యోగి కుటుంబమునకు సర్కారు వైద్యశాల చేరువనే యున్నది. పల్లె కూలి స్త్రీకి ఆ సౌకర్యమును మీరే కల్పింపవలెను. ఆసుపత్రుల శస్త్రచికిత్సల లెక్కలు తనిఖీ చేయుడు. అధిక రక్తస్రావమైనను, ముట్లుడిగిన పిదప నెత్తురు కనబడినను, ఆలసింపక వైద్యునికడకు పంపుడు.