నీళ్లే కాదు, నీళ్ల పరీక్ష కాగితం కూడా మన హక్కే
(తాగునీటి హక్కుపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ల గురించి దళితులకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగారు. 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్లు ఎందుకు పాడు చేస్తున్నారని అడిగినందుకే ఊచకోత జరిగింది. మనం నీళ్లు ముట్టుకుంటే మైల అన్నారు. మన నీళ్లలో వాళ్లు కలిపిన మురికి మాత్రం మైల కాదంట!

ఇవాళ మేం చెప్పేది కూడా మురికి గురించే. కాకపోతే ఇది కంటికి కనపడని మురికి. భూమిలో పాతిపెట్టిన చమురు ట్యాంకుల నుంచి కారేది.

అమెరికా ఏలుబడిలో ఉన్న హవాయి దీవుల్లో ఒవాహూ ఒకటి. అక్కడి మూలవాసులు కపూకకీ అని పిలుచుకునే కొండను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళం తొలిచింది. రెడ్ హిల్ అని పేరు పెట్టి, లోపల 20 ట్యాంకులు కట్టింది. ఒక్కోటి 250 అడుగుల ఎత్తు. వాటి అడుగుకు సుమారు 100 అడుగుల కిందే జనం తాగే భూగర్భ జలం. 2014 జనవరిలో ఒక ట్యాంకు నుంచి సుమారు 27,000 గ్యాలన్ల ఇంధనం కారింది. మూలవాసులూ, పర్యావరణ సంఘాలూ మూసెయ్యమన్నారు. మూయలేదు. 2021 నవంబరులో విమాన ఇంధనం కారి నేరుగా తాగునీటి బావిలో కలిసింది. ఆ నీటి సరఫరా మీద ఆధారపడ్డవాళ్లు సుమారు 93,000 మంది. తలనొప్పి, వాంతులు, ఒంటి మీద దద్దుర్లు. నీళ్లు బాగానే ఉన్నాయని అధికారులు మొదట్లో బుకాయించారు. కుళాయి తిప్పితే చమురు వాసన కొడుతోందని మొత్తుకున్న తల్లుల మాటే నిజమైంది. 2022 మార్చిలో మూసివేత ప్రకటించారు. 2023-24లో చమురు తోడేశారు.

తోడేస్తే కథ అయిపోయిందా? కాలేదు. ట్యాంకు ఖాళీ అయినా మట్టికి పట్టిన చమురు పోదు. అందుకే చుట్టూ పరిశీలన బావులు తవ్వి నీళ్లు పరీక్షిస్తున్నారు. ఈ పరీక్ష ఎలా చెయ్యాలో మనకు తెలియకపోతే మనల్ని మోసం చెయ్యడం తేలిక.

భూమి కింద నీరు కదులుతుంది. అది ఎటు వాలుగా పోతోందో తెలియాలంటే కనీసం మూడు బోర్లు వేసి నీటిమట్టం కొలవాలి. ట్యాంకుకు ఎగువన ఒకటి, దిగువన మరికొన్ని ఉండాలి. ఎగువ బోరు ఒక్కటే చూసి నీళ్లు బాగున్నాయంటే అది పరీక్ష కాదు, దగా. పెట్రోలు నీటి మీద తేలుతుంది. అందులోని బెంజీన్ మాత్రం నీళ్లలో కరిగి దూరం పోతుంది. అది రక్త కేన్సర్ తెచ్చే విషం. తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంత కొద్దిలో వాసనా తెలియదు, రుచీ తెలియదు. పైగా అది గాలికి ఎగిరిపోతుంది. గాజు సీసాలో బుడగ లేకుండా నింపి, మూత బిగించి, ఐసులో పెట్టి పంపాలి. ప్లాస్టిక్ సీసాలో సగం పట్టి, రెండు రోజులు బల్ల మీద పెట్టి పరీక్షిస్తే ఏం తేలుతుంది? ఏమీ లేదనే తేలుతుంది! వానలకు నీటిమట్టం లేచినప్పుడు మట్టిలో ఉన్నది మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. కాబట్టి వానలకు ముందూ తర్వాతా, ఏళ్ల తరబడి చూడాలి.

ఇది ఎక్కడో దీవుల గొడవ అనుకోకండి. మన రోడ్ల పక్కన మూతపడ్డ పెట్రోలు బంకులు లేవా? వాటి కింద ట్యాంకులు తీశారో లేదో ఎవరైనా చెప్పారా? చాలా ఊళ్లలో వాడ ఎక్కడుంది? ఊరి మురుగు పారే పల్లంలో ఉంది. ఎగువన కారింది దిగువ బోరుకే వస్తుంది. కొత్త బంకులు ఇళ్లకూ బళ్లకూ 50 మీటర్ల దూరంలో ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో చెప్పింది. మరి పాతవాటి సంగతి?

మనం అడగాల్సినవి ఇవి. మూతపడ్డ బంకుల జాబితా కావాలి. వాడ వైపు పరిశీలన బోర్లు వెయ్యాలి. నీళ్లు పట్టేటప్పుడు వాడ మనుషులు పక్కన ఉండాలి. ఫలితం తెలుగులో రాసి వాడలో అంటించాలి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం. నీళ్లు చెడ్డాయని తేలితే ఆ రోజు నుంచే వేరే మంచినీళ్లు ఇవ్వాలి. శుద్ధి ఖర్చు చెడగొట్టినవాడే పెట్టుకోవాలి. ఇది మనం కొత్తగా కోరేది కాదు. రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీ గ్రామంలో రసాయన కంపెనీలు బావులు పాడు చేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పిన న్యాయమే.

మహద్‌లో చెరువు దగ్గరకు నడిచాం. ఇప్పుడు ఆ నీళ్లలో ఏముందో చెప్పే కాగితం దగ్గరకు నడవాలి. ఆ కాగితం ఆఫీసు బీరువాలో ఉన్నంతకాలం బావి మనది కానట్టే.

జై భీమ్!