క్లెయిమ్ వాక్యం: పరిధి, వెల్లడి

ఔషధ రసాయన శాస్త్రంలో నేడు పట్టాలు అందుకుంటున్న విద్యార్థులలో కొందరైనా రేపు పేటెంటు పత్రాలు రాసేవారో, వాటిపై వాదించేవారో అవుతారు గనుక, ఆ పత్రాల చివర ఉండే క్లెయిములను, అంటే ఆవిష్కర్త తన గుత్తహక్కుకు తానే హద్దులు చెప్పుకొనే వాక్యాలను, చదివే పద్ధతిని ఈ సభలో ప్రస్తావించడం అసందర్భం కాదు.

ఒక మిశ్రమం మూడు పదార్థాలను ‘కలిగి ఉన్నది’ అని రాస్తే నాలుగోది చేర్చినవాడు కూడా ఆ హద్దులోనే ఉంటాడు; ‘ఈ మూడింటితోనే ఏర్పడినది’ అని రాస్తే సాధారణంగా బయటపడతాడు. ఇంతకంటే చిక్కైనది మార్కుష్ క్లెయిమ్. ఒక మూల నిర్మాణం గీసి, దాని ఒక్కొక్క స్థానంలో ఏయే పరమాణు సమూహాలు ఉండవచ్చునో జాబితా ఇచ్చే ఈ పద్ధతికి, 1924లో అద్దకపు రంగులపై అమెరికా పేటెంటు పొందిన యూజీన్ మార్కుష్ పేరు నిలిచింది. ఇటువంటి ఒక్క వాక్యం కిందికి వేల సమ్మేళనాలు రావచ్చు. వాటిలో నిజంగా తయారుచేసి చూపినవి పట్టుమని వంద కూడా ఉండకపోవచ్చు. క్లెయిమ్ కిందికి రావడం పరిధి. పత్రం చదివిన నిపుణుడికి ఆ పదార్థం తెలియడం వెల్లడి. వివాదమంతా ఈ రెండింటి నడుమ ఉన్న ఎడంలోనే పుడుతుంది.

రక్త క్యాన్సర్ మందు గ్లివెక్‌లోని ఇమాటినిబ్ మెసిలేట్ అనే లవణపు బీటా స్ఫటిక రూపానికి నోవార్టిస్ 1998లో చెన్నైలో దరఖాస్తు చేసి, ఇమాటినిబ్‌పై అంతకుముందు తనకే ఉన్న జిమ్మర్‌మన్ పేటెంటు పరిధిలో ఆ లవణం ఉన్నా అందులో వెల్లడి కాలేదని వాదించింది. అయితే హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా బ్రిటన్‌లో అదే మందును అమ్మబోగా, జిమ్మర్‌మన్ పేటెంటునే చూపి ఆపమని 2004లో నోటీసు పంపించినదీ నోవార్టిసే. ప్రత్యర్థిని అడ్డుకొనేటప్పుడు సాగి, కొత్త హక్కు అడిగేటప్పుడు కుంచించుకుపోయే క్లెయిమ్‌ను సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న ఒప్పుకోలేదు. మెసిలేట్ అప్పటికే తెలిసిన పదార్థమని తేల్చి, స్ఫటిక రూపాన్ని మాత్రం పేటెంట్ల చట్టంలోని 3(డి) సెక్షన్ కింద, అంటే తెలిసిన పదార్థపు కొత్త రూపానికి సామర్థ్యం పెరిగితేనే పేటెంటు అన్న నియమం కింద పరీక్షించి, తేమను తక్కువ పీల్చడం, పొడి బాగా జారడం వంటివి రోగాన్ని నయంచేసే సామర్థ్యం కావని తోసిపుచ్చింది.

ఈ తీర్పును మందుల ధరల కథగానే చెప్పుకోవడం అలవాటైంది గాని, క్లెయిమ్ రాసేవారికి మెసిలేట్ గురించిన దాని మొదటి భాగమే ముఖ్యం. అటువంటి తర్కమే తర్వాతా కనిపించింది. 2021లో డపాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహ మందు వివాదం ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి ముందుకు వచ్చినప్పుడు, ఒకే మందు తన రెండు పేటెంట్లనూ ఉల్లంఘిస్తున్నదని హక్కుదారు సంస్థ దావాలో రాసుకోవడమే దానికి ఎదురు తిరిగి, మధ్యంతర నిషేధం దక్కకుండా చేసింది.