చిన్న మాట – పెద్ద మార్పు
(నంగునూరులో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గుమస్తాగా ముప్పై ఏండ్లకు పైగా కాగితాలతో కాపురం చేసినవాణ్ణి. ఆ అనుభవంతో ఆంగ్లభాషలోని ఒక చిన్న విషయం మీ ముందుంచుతున్నాను. ఇది పండితుల చర్చ కాదు. మన పింఛనుకు, మన పిల్లల అప్పులకు సంబంధించిన మాట.

ఆంగ్లంలో క్రియకు ఆన్, ఆఫ్, అప్, అవుట్ వంటి చిన్న మాట చేరితే చాలాసార్లు అర్థమే మారిపోతుంది. వీటిని ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. 'పుట్' అంటే పెట్టడం. 'పుట్ ఆన్' అంటే తొడుక్కోవడం, 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం, 'పుట్ అవుట్' అంటే ఆర్పడం. మన కచేరీలో 'పుట్ అప్' అంటే ఫైలును అధికారి ముందుంచడం. దానికి 'విత్' తగిలిస్తే భరించడం! ఫైలు పుట్ అప్ చేసే గుమస్తాకు ఆ రెండోది కూడా తప్పదని మీకందరికీ తెలుసు.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. తెలుగులో 'పొడుచు' వేరు, 'ఎత్తిపొడుచు' వేరు. ఒక పని 'తలపెట్టాము' అంటే తలను ఎక్కడా పెట్టము. విడి మాటల అర్థాలు కూడితే అసలు అర్థం రాదు. అందుచేత ఆంగ్లంలోనూ మాటకు మాట తర్జుమా చేయక, మొత్తాన్ని ఒక్క మాటగా నేర్చుకోవాలి.

నేర్చుకోకపోతే నష్టమేమిటని అడగవచ్చు. మన అర్జీకి జవాబుగా 'ది మ్యాటర్ ఈజ్ బీయింగ్ లుక్డ్ ఇన్‌టు' అని వస్తే పరిశీలిస్తున్నారని మాత్రమే అర్థం, మంజూరైనట్లు కాదు. 'టర్న్డ్ డౌన్' అంటే తిరస్కరించారు. కోర్టు ఒక ఉత్తర్వును 'సెట్ ఎసైడ్' చేసిందంటే పక్కన పెట్టి మళ్లీ చూస్తుందని కాదు, రద్దు చేసిందని. మన పింఛనులో కోత పెట్టిన ఉత్తర్వు సెట్ ఎసైడ్ అయితే గెలుపు మనదే.

అన్నిటికన్నా ముఖ్యమైనది 'రైట్ ఆఫ్'. వసూలు కాని బాకీని బ్యాంకు తన లెక్కల్లోంచి తీసివేయడమే ఇది. బాకీదారు బాధ్యత పోదు, వసూలు ప్రయత్నమూ ఆగదు. మాఫీ వేరు, దానిని 'వేవర్' అంటారు. 2008లో కేంద్ర ప్రభుత్వం, 2024లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించినవి రుణమాఫీలు. రైట్ ఆఫ్ అనే మాట విని అప్పు తీరిందని రైతు నిశ్చింతగా కూర్చుంటే ఒకనాడు నోటీసు ఇంటికి వస్తుంది.

ఇక ఇంటి మాట. మనవడు కాలేజీనుండి 'పాస్డ్ అవుట్' అని మనం సంతోషంగా చెబితే, అమెరికాలోని వారు పిల్లవాడు స్పృహ తప్పాడేమోనని కంగారుపడతారు. అక్కడ 'గ్రాడ్యుయేటెడ్' అనాలి. 'టర్న్ ఆఫ్ ది ఫ్యాన్' అన్నా, 'టర్న్ ది ఫ్యాన్ ఆఫ్' అన్నా సరే. ఫ్యాన్ బదులు 'ఇట్' వాడితే మాత్రం 'టర్న్ ఇట్ ఆఫ్' అనే అనాలి.

చివరగా ఒక మనవి. ట్రెజరీ నుండిగాని, బ్యాంకు నుండిగాని ఆంగ్ల కాగితం వస్తే క్రియను ఒక్కదాన్నే చూడకండి, దాని వెంటనున్న చిన్న మాటను కూడా చూడండి. సందేహముంటే సంతకం చేయకముందే తెలిసినవారితో చదివించుకోండి. అడగడం నామోషీ కాదు. మన ఊళ్లో చదువురాని రైతు కాగితం పట్టుకొని మన గడపకు వస్తే, విసుక్కోక చదివి చెప్పడం మన విధి. ఉద్యోగానికి విరమణ ఉన్నది గాని, ఆ పనికి లేదు.