పెరటిలో దాగిన మొక్క

ఇల్లు కొనేవారు గోడలు చూస్తారు, కప్పు చూస్తారు, నీటి వసతి విచారిస్తారు. పెరటి మొక్కను గూర్చి అడిగేవారు అరుదు. కాని ఇంగ్లండులో ఒక మొక్క ఇంటి వెలనే తగ్గించగలదు. మన తెలుగువారెందరో అక్కడ ఇండ్లు కొనుక్కొని స్థిరపడుతున్నారు గనుక ఈ సంగతి మనకూ పట్టినదే.

ఆ మొక్క పేరు జపాను నాట్‌వీడ్. 19వ శతాబ్దిలో అందము కోసమై దానిని తోటలలోనికి తెచ్చుకున్నారు. వేసవిలో వెదురు పొదవలె నిలువెత్తుకు మించి పెరుగుతుంది. శీతకాలమున కాడలు ఎండిపోతాయి. భూమిలోని వేరు మాత్రము చావదు. చిన్న ముక్క మిగిలినా మళ్ళీ మొలుస్తుంది. కనుక శీతకాలమున ఇల్లు చూడవచ్చినవారికి అది కంటబడకపోవచ్చును. దానిని అదుపు చేయడానికి ఏండ్లు పడుతుంది.

ఇట్టి మొక్క సంగతి దాచి ఇల్లు అమ్మితే, కొన్నవారికి దిక్కేమిటి?

కొనేవాడే చూచుకోవలెనన్నది ఆంగ్ల న్యాయములో పాత సూత్రము. ఊరక మౌనము వహించినంత మాత్రాన అమ్మినవారు సాధారణముగా దోషి కారు. అడిగిన ప్రశ్నకు తప్పు జవాబిస్తే మాత్రము చిక్కులో పడతారు. అందుకే అక్కడ అమ్మేవారు ముందుగా ఒక ప్రశ్నపత్రము పూర్తిచేసి ఇవ్వడము ఆచారము. ఈ మొక్కను గూర్చిన ప్రశ్న 2013లో అందులో చేరినది. ఉన్నది, లేదు, తెలియదు అని మూడు జవాబులకు వీలున్నది.

2018లో లండను నైరుతి భాగమున ఒక ఇల్లు 7,00,000 పౌన్లకు అమ్ముడుపోయినది. అమ్మినవారు 'లేదు' అని వ్రాసినారు. తరువాత తోటలోని షెడ్డు వెనుక ఆ మొక్క బయటపడినది. పెద్ద పొద చాటున తమకు కనిపించలేదని వాదించినా న్యాయస్థానము నమ్మలేదు. 2023లో 32,000 పౌన్ల పరిహారమేగాక, ఎదుటివారి ఖర్చుల క్రింద 95,000 పౌన్ల వరకు కూడా చెల్లించవలసి వచ్చినది. నిజముగా ఎరుగనివారు 'తెలియదు' అనే వ్రాయవలెను. 'లేదు' అంటే నిశ్చయముగా ఎరిగి చెప్పినట్లే.

ఇట్టి దావాకు ఆధారము 1967 నాటి చట్టము. తమ మాటను నమ్మడానికి తగిన కారణము ఉండినదని అమ్మినవారే రుజువు చేసుకోవలెను. ఇచ్చిన ధరకూ ఇంటి అసలు వెలకూ గల తేడా పరిహారముగా రావచ్చును. అమ్మకమునే రద్దు చేయమని కోరవచ్చును గాని, బదులుగా పరిహారముతో సరిపెట్టే అధికారము న్యాయస్థానమునకు ఉన్నది. ఇల్లు పరీక్షించిన సర్వేయరు అశ్రద్ధ చేసి ఉంటే అతనినీ అడగవచ్చును. దావాకు సాధారణముగా గడువు 6 ఏండ్లు.

మన దేశములో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము, 55వ సెక్షను, మరొక అడుగు ముందుకు వేసినది. వేరే ఒడంబడిక లేనప్పుడు, అమ్మేవారు తామెరిగిన ముఖ్య లోపమును, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనుగొనలేనిదైతే, చెప్పి తీరవలెను. చెప్పకపోవడమే మోసమని ఆ చట్టము పేర్కొన్నది.

మరి ఇంగ్లండులో ఇల్లు కొనేవారు ఏమి చేయవలెను? ప్రశ్న వ్రాతమూలకముగా అడగవలెను, జవాబును భద్రపరచవలెను. మొక్క కనబడితే తొందరపడి త్రవ్వరాదు. వేరు తెగి వ్యాపించును, సాక్ష్యమూ చెడును. ముందు ఫొటో తీయించి, నిపుణునికి చూపి, ఆపైన వకీలును కలుసుకొనవలెను. అమ్మినవారి మౌనము మీద దావా నిలువదు. వారు వ్రాసి ఇచ్చిన మాట మీద నిలుస్తుంది.