టైటానియము: లోని బలము, పైపొర బలము

విశాఖపట్టణమునుండి అరకులోయకు రైలులో పోవువారు బొర్రా గుహల సమీపమున ఎర్రబారిన కొండరాతిని చూచియే యుందురు. భూగర్భ శాస్త్రజ్ఞులు దానిని ఖొండలైటు అందురు. 1902లో టి. ఎల్. వాకర్ అను శాస్త్రజ్ఞుడు, తూర్పు కనుమలలో నివసించు కోందు జాతి పేరిట ఈ శిలకు ఆ నామము నొసగెను. ఇట్టి శిలలలో ఇల్మనైటు అను నల్లని రేణువులు కలవు. ఎండకు వానకు రాయి శిథిలమైనప్పుడు అవి ఏరులవెంట దిగివచ్చును. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా మీదుగా ప్రవహించు గోస్తనీ నది భీమునిపట్టణమువద్ద సముద్రమును చేరుచున్నది. అచ్చటి ఇసుకలో కనిపించు నల్లని చారలలో ఇల్మనైటు ఉన్నది. ఇనుము, టైటానియము, ప్రాణవాయువు కలిసిన ఖనిజమిది.

టైటానియము బరువు ఇనుము బరువులో అరువది పాళ్ళకు లోపే. ఉప్పునీట దానికి తుప్పు పట్టదు. నూటికి 6 పాళ్ళు అల్యూమినియము, 4 పాళ్ళు వెనేడియము చేర్చిన మిశ్రలోహమును విమానములలోను, శరీరములో అమర్చు తుంటికీళ్ళ కాడలలోను వాడుచున్నారు. 1973లో హైదరాబాదున స్థాపింపబడిన మిశ్ర ధాతు నిగమ్ సంస్థ ఇట్టి లోహములను తయారుచేయుచున్నది.

ఇంత మేలైన లోహమునకు ఒక లోపము కలదు. రాపిడికి దాని పైపొర త్వరగా గీరుకొనిపోయి పొడి రాలును. తుంటికీలులో నిరంతరము రాచుకొను గుండును ఉత్త టైటానియముతో చేసినచో, ఆ పొడి చుట్టునున్న కండకు, ఎముకకు హాని చేయును. అందుచే గుండును వేరు పదార్థముతో చేయుదురు.

మన్యపు సంతలో గొడ్డలి కొనువాడు అంచును వ్రేలితో తాకి చూచును. కమ్మరి గొడ్డలినంతటిని గట్టిపరచడు. అంచును మాత్రమే కాల్చి నీట ముంచును. అంతయు గట్టిపరచిన దెబ్బకు విరుగునని అతడెరుగును. లోపలి సత్తువను చెడగొట్టక పైపొరనే మార్చుట లేజరు చేయు పని కూడ. 1960లో అమెరికాలో థియొడార్ మైమన్ తొలి లేజరును వెలిగించెను. దాని కాంతిని ఒక చిన్న చోట కేంద్రీకరించిన, లోహపు పలుచని పొర మాత్రమే క్షణములో కరగును. ఆ సమయమున నత్రజనిని ఊదినచో టైటానియము నైట్రైడు ఏర్పడును. బంగారు వన్నెగల ఈ పదార్థము మూలలోహముకంటె అనేక రెట్లు కఠినమైనది. రాపిడికి తట్టుకొనును.

అయితే కాఠిన్యమే బలమని శ్రోతలు తలపరాదు. కరిగిన పొర త్వరితముగ చల్లారి కుంచించుకొనబోవును. క్రిందనున్న చల్లని లోహము దానిని కుంచించుకొననీయదు. ఆ లాగుడుకు పైపొరలో సన్నని పగుళ్ళు పుట్టవచ్చును. ఒక్కసారి మోపిన బరువునకు చెదరని లోహము, లక్షలసార్లు ఊగినప్పుడు అట్టి పగులువద్దనే విరుగును. లోహపు అలసట యనగా ఇదియే. పగుళ్ళను తగ్గించుటకై లోహమును ముందుగ వేడిచేయుదురు. నత్రజనిలో ఆర్గాను వాయువును కలుపుదురు.

అలసటను జయించుటకు లేజరునే మరియొక విధముగ వాడుదురు. లోహముపై నల్లని పూతవేసి, దానిమీద పలుచగ నీరు పారించి, సెకనులో నూరుకోట్ల వంతులు కొన్ని మాత్రమే నిలుచు కాంతిఘాతమును పంపుదురు. పూత ఆవిరియై పేలును. నీరు దానిని అదిమిపట్టగా ఆ దెబ్బ లోనికి పోయి పైపొరను నొక్కిపెట్టును. నొక్కబడిన పొరలో పగులు నోరు తెరువజాలదు. 1990ల దశకమున అమెరికాలో బి-1 యుద్ధ విమానపు ఇంజను రెక్కలకు ఈ పద్ధతిని అవలంబించిరి. కాని దీనివలన కాఠిన్యము స్వల్పముగనే పెరుగును. రాపిడి బాధ తీరదు.

కావున లేజరుతో లోహమును బలపరచితిమని ఎవరైన చెప్పినచో, ఏ బలమును పెంచితిరి, దేనిని పణముగ పెట్టితిరి అని మనము అడుగవలెను. రాచుకొను భాగమునకు ఒక చికిత్స, ఊగు భాగమునకు వేరొక చికిత్స. ఒకదానికి బదులు మరియొకటి చేసినచో విమానములోనైనను, మనుష్యుని కీలులోనైనను ముప్పు తప్పదు. ఈ పరీక్షలను శ్రద్ధతో నేర్చినగాని కొండలనుండి కొట్టుకొనివచ్చిన ఆ నల్లని ఇసుక మనకు నమ్మదగిన పనిముట్టు కాజాలదు.